ఐసు డిపో పెదనాయన కొన్న పాటలు

మొన్న ఆదివారం పొద్దున నా ఫోను నాకే ఒక వర్తమానం పంపింది. చందా గడువు అయిపోయిందట, అందుకని నేను దించి దాచుకున్న పాటలన్నీ ఇక పలకవట, అందుకు చింతిస్తున్నారట. పాటలు నా ఫోనులోనే ఉన్నాయి, ఫోను నా జేబులోనే ఉంది, జేబు నా చొక్కాదే. అయినా పాటలు నావి కావు. వంటింట్లో బియ్యం బస్తా మూతి బిగించుకొని "నన్ను వండబాకండి" అన్నట్టుంది. నేను నిట్టూర్చి, కాఫీ తాగి ఊరుకున్నాను. ఇదే మాట మా పెదనాయనకు నాకంటే చాలా ఏళ్ల ముందే చెప్పారు. ఆయన మాత్రం కాఫీ తాగి ఊరుకోలేకపోయాడు.

పెదనాయనకు మైపాడులో ఐసు డిపో ఉండేది. వేటకు పోయే బోట్లన్నీ అక్కడే ఐసు నింపుకొని పోవాలి. ఆయన దిమ్మను తూకానికి పెట్టేముందు తుండుగుడ్డతో తుడిచేవాడు, కారిన నీళ్లు ఐసు లెక్కలోకి రాకూడదని. తుడిచేలోపు మరికొంత కరిగేది. మళ్లీ తుడిచేవాడు. ఆయన నిజాయితీ వల్ల బంగాళాఖాతం ఏటా ఒక అంగుళం పెరుగుతోందని మా నాన్న అనేవాడు. "పెద్దాయనా, నీళ్లతో సహా తూసెయ్, నీళ్లకీ డబ్బులు తీసుకో, ఆడ చేపలు నిద్రలేస్తుండాయి" అని బోటువాళ్లు మొత్తుకునేవాళ్లు. గుడిలో, అంటే మా చర్చిలో, ఆయన సంఘపెద్ద. ముందు బెంచీలో కుడి చివర ఆయన చోటు. ఆ చోట కూర్చొని ఆయన వెనక్కి ఒక్కసారి చూస్తే, కానుకల సంచిలో చెల్లని నోటు వేయబోయిన చెయ్యి దానంతటదే మళ్లీ జేబులోకి పోయేది.

అవి ఫోన్లలో మెమరీ కార్డులు వేసుకునే రోజులు. నెల్లూరు బస్టాండు చుట్టూ టీ కొట్లకంటే పాటలెక్కించే కొట్లు ఎక్కువ. గోరంత కార్డు ఇచ్చి, టీ తాగి వచ్చేలోపు మనిషి బతుకంతా విన్నా తరగనన్ని పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. సినిమా పాటలు, అయ్యప్ప పాటలు, యేసు పాటలు, పెళ్లి బ్యాండు, అన్నీ పండగనాటి బస్సెక్కిన జనంలా ఒకరి ఒళ్లో ఒకరు కూర్చొని వచ్చేవి. మైపాడు బోట్లు ఆ కార్డుల మీదే నడిచేవంటే అతిశయోక్తి కాదు, డీజిలుది రెండో స్థానం. పెదనాయనకు మాత్రం ఆ కొట్ల పేరెత్తితే ఒళ్లు మండేది. "పాడినోళ్లకు రూపాయి చేరకుండా పాట మనింటికొచ్చిందంటే, పక్కోడి బుట్టలో చేప మన చట్టిలో ఉడికినట్టే" అని గుడిలో నిలబడి చెప్పాడు. ఆ ఆదివారం చాలామంది ఫోన్లు జేబుల్లోనే సిగ్గుపడ్డాయి.

అంతటి మనిషికి పాట వినాలనే కోరిక పుడితే ఏం చేయాలి? కొనాలి. పెదనాయన అల్లుడు, అంటే మా బావ, నెల్లూరులో కంప్యూటర్ల పని చేసేవాడు. ఇంటర్నెట్టులో పాటలమ్మే కంపెనీ ఒకటి వెతికి, హార్మోనియం ఒక్కటే పెట్టుకొని ఎవరో ముసలామె పాడిన పాత కీర్తనలు కొన్నాడు. వాటిని అగ్గిపెట్టెంత ప్లేయరులో ఎక్కించి మామ చేతిలో పెట్టాడు. "ఇవి ఈ ప్లేయరులో తప్ప ఇంకెందులోనూ పలకవు మామా. అప్పుడప్పుడూ కంప్యూటరుకు తగిలించి కంపెనీవాళ్ల అనుమతి తెచ్చుకోవాల" అని చెప్పాడు. పెదనాయన మొహం వెలిగిపోయింది. "అట్టుండాల యాపారమంటే!" అన్నాడు. రసీదు ప్రింటు తీయించి, పటం కట్టించి, పెళ్లి ఫోటో పక్కన మేకు కొట్టి తగిలించాడు. కాపీ ఇమ్మని అడిగినవాళ్లకు ఇవ్వలేదు గానీ, వినడానికి రమ్మన్నాడు. ఇయర్‌ఫోను ఒకటి ఆయన చెవిలో, ఒకటి వచ్చినవాళ్ల చెవిలో. మైపాడులో సగం ఊరు ఆయన చెంపకు చెంప ఆనించి కూర్చున్నదే. మిగతా సగం ఆయన నస్యం వాసనకు భయపడి రాలేదు.

ఇక్కడ మా గుళ్ల సంగతి ఒకటి చెప్పాలి. కీర్తనల పుస్తకం అందరికీ ఒకటే, రాగం మాత్రం ఊరికొకటి. ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు ఆ రాగంలో అందుకుంటారు. మా పెద్దమ్మది దొరవారిసత్రం వైపు. కోడలిగా వచ్చిన మొదటి ఆదివారం ఆమె పుట్టింటి రాగంలో గొంతు కలిపిందట. గుడంతా ఒక రేవుకు పోతుంటే ఆమె పడవ ఇంకో రేవుకు పోయింది. మా నాయనమ్మ వెనక్కి తిరిగి, "మే, ఈడ అట్ట లాగరు" అన్నదట. అంతే. అప్పటినుంచి పెద్దమ్మ మైపాడు రాగంలోనే పాడింది, అందులోనే ఊరికంతటికీ పాట ఎత్తింది, నాబోటి గార్దభాలకూ నేర్పింది. అలాంటిది ఆ అగ్గిపెట్టెలోంచి మొదటి పాట వినగానే చేప పొలుసుల చేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఇది మా ఊరి రాగం గదా!" అంది. పెదనాయనకు ఆ సంగతే తెలియదు. "నీకోసమే ఏరి కొన్నా" అని ఓ చిన్న అబద్ధం ఆడబోయి, నిజాయితీ అడ్డం వచ్చి దగ్గాడు.

తర్వాతి వానాకాలం పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది. మాట పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది, మా పెదనాయన పేరు. పెళ్లయిననాటి నుంచి ఆ పేరును ఆమె నోట ఎవరూ విని ఎరగరు, రేషను కొట్లో అడిగినా నన్నో మా అక్కనో ముందుకు తోసి చెప్పించేది. ఇప్పుడు మంచినీళ్లకూ ఆ పేరే, దుప్పటికీ ఆ పేరే, దోమ కుట్టినా ఆ పేరే. పొరుగువాళ్ల ముందు ఆమె అలా పిలిస్తే పెదనాయన కొత్త పెళ్లికొడుకులా ఎర్రబడేవాడు. తర్వాత పెరట్లోకి పోయి కళ్లు తుడుచుకొనేవాడు.

ఒకనాడు పొద్దుపోక ఆయన ప్లేయరుకు చిన్న స్పీకరు తగిలించి ఆమె దిండు పక్కన పెట్టాడు. మొదటి చరణం ఆమె విన్నది. రెండో చరణంలో అందుకుంది. మాటలతో సహా, ఒక్క అక్షరం తప్పకుండా. పాట అయ్యాక కాసేపు మామూలు మాటలూ వచ్చాయి. "కాఫీ" అంది. "అమ్మాయేదీ" అంది. నెల్లూరు డాక్టరు గారు విని, మెదడులో పాట దారి వేరు, మాట దారి వేరు, మాటను ఆ పాట దారినే రానివ్వండి, రోజూ పాడించండి, మానితే వచ్చినవీ పోతాయి అన్నారు. పెదనాయన ఆ మాటను మందుచీటీలా పాటించాడు. పొద్దునా సాయంత్రమూ అగ్గిపెట్టె పాడేది, ఆమె పాడేది, మాటలు ఒక్కొక్కటే చుట్టాల్లా ఇంటికి తిరిగొచ్చేవి. ఉప్పు చాలలేదని కూర మీద వంక పెట్టిన రోజున ఆయన వీధంతా తిరిగి ఆ సంగతి చెప్పుకున్నాడు.

అలా నడుస్తుండగా ఒక శనివారం బావ అనుమతి కోసం ప్లేయరును కంప్యూటరుకు తగిలించాడు. అనుమతి రాలేదు. ఆ కంపెనీ పాటల అంగడి ఎత్తేసిందట. ముందే తెలియజేశారట కూడా, ఎవరూ తెరవని ఈమెయిలులో. ఆ రోజుల్లో నేను మైపాడులోనే ఉన్నాను. పెదనాయన ఆ ప్లేయరును చేతిలో తిప్పి తిప్పి చూడడం ఇప్పటికీ నా కళ్లముందుంది.

"డబ్బులు కట్టినాం గదయ్యా" అన్నాడు.

"కట్టినాం మామా."

"పాటలు ఇందులోనే ఉండాయి గదా?"

"ఉండాయి మామా. పలకవు."

"అంగడి మూసేస్తే వాళ్ల తలుపు మూసుకోవాల. మా ఇంట్లో పాట నోరు మూయడమేంది? నేను డిపో మూసేస్తే, నడిసముద్రంలో బోటోళ్ల ఐసు నీళ్లయిపోతాదా?"

"అయ్యేటట్టు చేసినారు మామా" అన్నాడు బావ, తలెత్తకుండా.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే నవ్వించే శక్తి నాకూ చాలదు. సంఘం ఆడవాళ్లు బిలబిలమంటూ వచ్చి మంచం చుట్టూ కూర్చొని పాడారు, మైపాడు రాగంలో. జీవితమంతా తను నేర్పిన రాగమే అయినా పెద్దమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ పక్షవాతం అత్తగారింటి రాగాన్ని తీసుకుపోయి, పుట్టింటి రాగాన్ని మాత్రం వదిలేసింది కాబోలు. పెదనాయన దొరవారిసత్రం పోయి అక్కడి గుడిలో అడిగాడు. అక్కడ ఇప్పుడు కీబోర్డు, డ్రమ్ము ప్యాడ్లు, గాలిపటం తోకంత పొడుగు వైర్లు. పాత రాగం పాడే గొంతులన్నీ సమాధుల దొడ్లో ఉన్నాయి. ఇంట్లో మాటలు మళ్లీ ఒక్కొక్కటే బయల్దేరి పోయాయి. ముందు "అమ్మాయి" పోయింది. ఆ తర్వాత "కాఫీ" పోయింది.

"డబ్బులకు అమ్మే అంగడి ఇంకెక్కడా లేదు మామా, అంతా వెతికినా. బస్టాండు కాడ దొరుకుతాయి. నేను తెస్తా, మీరు చూడబాకండి" అన్నాడు బావ.

"నేను కళ్లు మూసుకుంటే దొంగసొత్తు దొరసొత్తు అయిపోతాదా?" అన్నాడు పెదనాయన. ఎదురుగా పటంలో రసీదు ఆయన్నే చూస్తోంది.

ఒక పొద్దున పెద్దమ్మ ఆయన్ను పిలవబోయింది. పేరులో మొదటి సగమే వచ్చింది. మిగతా సగం కోసం ఆమె పెదవులు చాలాసేపు వెతికాయి. ఆయన వంగి ఎదురుచూశాడు. రాలేదు. పెదనాయన లేచి, ఆదివారం చొక్కా తొడుక్కొని, "పదబ్బా, టౌనుకు పోదాం" అన్నాడు నాతో.

పాటల కొట్టతను ఆయన్ను చూడగానే గుర్తుపట్టాడు. "మైపాడు ఐసు డిపో పెద్దాయన గదా! మీ దయవల్ల మీ సంఘమోళ్లు మా కొట్టు దాటేటప్పుడు మొహం తిప్పుకొని పోతారు సామీ" అన్నాడు. ఆగి, "ఎనక సందులోంచి వస్తార్లే" అని కలిపాడు. మరో రోజైతే పెదనాయన ఆ సందులోకి వచ్చేవాళ్ల పేర్లు అడిగేవాడు. ఆ రోజు ఏ కీర్తనలు కావాలో మెల్లగా చెప్పాడు. కొట్టతను డ్రమ్ములు కలిపినవి వినిపించాడు. "జోరుగా ఉంటాయి" అన్నాడు. "జోరు వద్దు నాయనా" అన్నాడు పెదనాయన. ఇంకో రెండు మూడు తిరగేశాక ఆ ముసలామె గొంతు, ఆ ఒంటరి హార్మోనియం, బస్సు హారన్ల మధ్య వినబడ్డాయి. పెదనాయన గల్లాబల్ల అంచు పట్టుకున్నాడు.

"ఈమె ఎవరయ్యా? ఏ ఊరు? ఆమెకు డబ్బులు పంపాలంటే ఎట్టా?"

"పాట ఒక్కటే వస్తాది పెద్దాయనా. పాట ఎనక మనుషులు మా దాకా రారు."

ఆ సాయంత్రం ఇంట్లో పాట మోగింది. పెద్దమ్మ కళ్లు మూసుకొని విన్నది, రెండో చరణంలో అందుకుంది. పాట అయ్యాక ఆయన పేరు మొత్తంగా పలికింది. నేనూ బావా సంబరపడిపోయాం. పెదనాయన మాత్రం గోడ మీది పటం తీసి, ఫోటోల పెట్టెలో బోర్లా పెట్టాడు.

ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళ ఆయన లేచాడు. మా గుళ్లో సాక్ష్యమంటే దేవుడు తమకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడం. జ్వరం తగ్గిందనో, పోయిన గేదె దొరికిందనో చెబుతారు, అందరూ హల్లెలూయ అంటారు. ఆయన, "నా భార్యకు మాటొచ్చింది. దొంగపాట కొని తెచ్చినా. అట్టాంటోడు ముందు బెంచీలో కూర్చోకూడదు" అన్నాడు. హల్లెలూయ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. సగం అని మింగినవాళ్లలో నేనొకణ్ణి. "అంత మాటెందుకు పెద్దాయనా, పరిస్థితి అట్టాంటిది" అన్నారు పాస్టరు అయ్యగారు. "తూకం మన మంచానికొకటి, ఊరికొకటి ఉండదయ్యా" అని పెదనాయన బైబిలు చంకన పెట్టుకొని, అన్ని బెంచీలూ దాటి, వెనక తలుపు దగ్గర చాప మీద కూర్చున్నాడు. పావు ఫర్లాంగైనా లేని ఆ గుడి ఆ రోజు నాకు నాయుడుపేట దాకా ఉన్నట్టు తోచింది.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి, చక్రాల కుర్చీలోంచి, పెద్దమ్మ పాట ఎత్తుకుంది. పుట్టింటి రాగంలో. గుడి మొత్తం అలవాటు కొద్దీ తన దారిన అందుకోబోయి తడబడింది. వెనక్కి తిరిగి "ఈడ అట్ట లాగరు" అనడానికి మా నాయనమ్మ లేదు. ఉన్నవాళ్లకు ఆ గొంతును ఆపే గుండె లేదు. రెండో చరణానికల్లా అందరూ తమ రాగం వదిలి ఆమె వెంట వెళ్లారు. పెదనాయన ఒక్కడే నోరు విప్పలేదు. ఆ పాటను ఆయన మళ్లీ ఎప్పుడూ పాడలేదు.

సాక్ష్యం చెప్పినందుకు లోకం ఆయన్ను మెచ్చుకుందని మీరు అనుకుంటే, మీకు మా రేవు సంగతి తెలియదన్నమాట. "పెద్దాయనా, తూకం సరిగ్గానే ఉండాదా, దీనిమీద గూడా సాక్ష్యం చెప్తావా?" అని బోటువాళ్లు వేళాకోళమాడేవాళ్లు. అదివరకు ఎవరికీ రాని అనుమానం, ఆయన నిజం చెప్పాకే వచ్చింది. ఆయన దిమ్మను ఇంకాస్త ఎక్కువసేపు తుడిచేవాడు. పెద్దమ్మ ఆ తర్వాతి చలికాలం దాకా ఉంది, చివరి వారం దాకా ఆయన పేరు పూర్తిగానే పిలిచింది. ముందు బెంచీలో ఆ కుడి చివర ఖాళీగా ఉన్నా ఆయన మళ్లీ కూర్చోలేదు. ఇప్పుడు ఆయనా లేడు.

మైపాడు గుడిలో ఆ కీర్తనను ఈనాటికీ పెద్దమ్మ రాగంలోనే పాడుతున్నారు. అది తాతల నాటి మైపాడు రాగమనే ఇప్పటి పిల్లలు నమ్ముతారు, నేనూ దిద్దబోలేదు. ఒక రాగం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరడానికి ఒక ఆడమనిషి జీవితం మొత్తం పట్టింది. కాలం అంత నిదానంగా తూస్తుంది, త్రాసు ముల్లు నిలబడేలోపే మనం కొట్టు కట్టేసి వెళ్లిపోతాం.