కడుక్కుని వచ్చిన కాళ్లు

మంగళవారం పొద్దున మా పెద్దమ్మ ప్రభువునందు నిద్రించింది. కబురు చెప్పింది ఆమె అల్లుడు, అంటే మా బావ. మేమిద్దరం మాట్లాడుకుని రెండేళ్లయింది. "అత్త పోయింది బామ్మర్దీ" అని, నేను నోరు తెరిచేలోగా ఫోన్ పెట్టేశాడు. పని మీద వెళ్లిన కావలి నుంచి మా ఊరు జువ్వలదిన్నెకు బస్సులో ఏడుస్తూ వెళ్లాల్సినవాణ్ణి, ఆమె కాళ్లు గుర్తొచ్చి నవ్వాను. పక్కసీటాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

పెద్దమ్మ ఎండుచేపలు అమ్మేది. "గర్వం చేపల వాసన లాంటిది అబ్బయా. మోసేవోడికి తెలవదు, పక్కనోళ్లకే తెలస్తాది" అనేది. అలా అన్నప్పుడల్లా నావైపే ఎందుకు చూస్తుందో నాకు అర్థమయ్యేది కాదు.

మంచి శుక్రవారానికి ముందురోజు సాయంత్రం మా చర్చిలో ఒకరి కాళ్లొకరు కడుగుతారు. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినందుకు గుర్తుగా. అయితే మురికికాళ్లు చూపించడం నామోషీ కదా, అందుకని ఊరంతా ఇంటి దగ్గరే సబ్బేసుకుని, మడమలు రాయితో తోముకుని మరీ వస్తుంది. బేసిన్లో పోసిన నీళ్లు పోసినట్టే ఉంటాయి. ఇందులో వింతేమీ ఎవరికీ కనిపించలేదు.

రెండేళ్ల కిందట ఈస్టరు తర్వాత చర్చికి సంఘపెద్దను ఎన్నుకోవాలి. పోటీలో నేను, బావ. ఆ పదవి నాకు కావాలి, దాచడమెందుకు. అందుకే ముందొచ్చిన ఆ కాళ్లు కడిగే సాయంత్రం నడుముకు తువ్వాలు చుట్టుకుని, ఫోన్లో వీడియో తియ్యమని ఒకరికి చెప్పి, ఊళ్లోకెల్లా తెల్లటి కాళ్లు వెతుక్కుని కడుగుతున్నాను. పాస్టరు గారివి అయ్యాయి. ఇంతలో రెండు నల్లటి కాళ్లు బేసిన్లో దబ్బున పడ్డాయి. నీళ్లు నా మొహాన చిందాయి. పెద్దమ్మ! రేవు నుంచి నేరుగా వచ్చింది. బురద, ఇసుక, చేప పొలుసులు.

"పెద్దమ్మా, ఆడోళ్లవి ఆడోళ్లు గదా కడగాల!"

"చిన్నప్పుడు నీ ముడ్డి కడిగేటప్పుడు ఆడా మగా అని నేనడిగినానా?"

చర్చి గొల్లుమంది. "అది గాదు, కాళ్లు కడుక్కోకుండా వచ్చినావేంది?" అన్నాను.

"కడగతామని పిలిచింది మీరే గదా. కడుక్కొని వస్తే ఇంక ఈ బేసిను దేనికి?"

పాస్టరు గారు తన తెల్లటి కాళ్లు మెల్లగా కుర్చీ కిందికి లాక్కున్నారు.

కడిగాను. నీళ్లు నల్లబడ్డాయి. అప్పుడామె మోకాళ్లు పట్టుకుని కిందికి దిగి, నా కాలు పట్టుకుంది. "వద్దు పెద్దమ్మా, నాకొద్దు" అని వెనక్కి దూకాను. అదే తగ్గింపు, అదే వినయం అనుకున్నాను.

"కడిగితే జనం నిన్ను జూస్తారు. కడిగించుకుంటే నీ మురికి జూస్తారు. అందుకే గదా వద్దనేది?" అంది.

తువ్వాలు విసిరేసి ఇంటికొచ్చేశాను. వీడియో ఊరంతా తిరిగింది. తీయించింది నేనే కాబట్టి ఎవర్నీ తిట్టడానికి లేదు. బావ సంఘపెద్ద అయ్యాడు. గెలిచినందుకు, అందరితో పాటు నవ్వినందుకు ఆయనతో మాటలు మానేశాను. ఆయన ఇంట్లో లేని వేళ చూసుకుని పెద్దమ్మ దగ్గరకు వెళ్లేవాణ్ణి. చేపల పులుసు పోసి, "కాళ్లెప్పుడు తెస్తావు అబ్బయా?" అని అడిగేది. ప్రతిసారీ అదే మాట. నా జబ్బును మొహం మీదే చెప్పి, అన్నం పెట్టడం మాత్రం మానని మనిషి నాకు ఆమె ఒక్కతే.

సమాధుల దగ్గర రాత్రి వానకు నేలంతా బురద. మట్టి వేసి తిరిగొచ్చేసరికి ఆమె గుమ్మం ముందు బావ బకెట్టు పెట్టుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరి కాళ్ల మీద నీళ్లు పోస్తున్నాడు. నా వంతు వచ్చింది. "ఇట్టియ్యి బావా, నేనే పోసుకుంటా" అని చెంబు పట్టుకున్నాను.

ఆయన వదల్లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నేనే వదిలేశాను. కాలు ముందుకు చాపాను. బావ వంగి వేళ్ల సందుల్లో బురద రుద్ది రుద్ది కడిగాడు. నల్లటి నీళ్లు వాకిట్లో పారి, పెద్దమ్మ చేపలు ఆరబెట్టే చాప దాకా పోయాయి.

"రెండోది గూడా పెట్టు బామ్మర్దీ" అన్నాడు.