శ్రీమంతం నాడు చిన్నాయన చెప్పిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే భారీ మనిషి మా చిన్నాయన. బళేపేటలో మాకు గాజుల అంగడి ఉండేది. వచ్చిన ఆడవాళ్ళకు నొప్పి తెలియకుండా చెయ్యి అదిమి గాజులు తొడిగేది ఆయనే. పెళ్ళయ్యాక ఏటేటా ఆయన చేతులు లావెక్కాయి, పాదాలు పెరిగి పాత చెప్పులు పట్టకుండా పోయాయి, పెళ్ళి ఉంగరాన్ని కంసాలి కోసి తీయాల్సి వచ్చింది. "నా కొడుకు ఏనుగప్పా!" అని మా అవ్వ మురిసిపోయి దిష్టి తీసేది. గడ్డం పలచబడిందనీ, రోజూ తలనొప్పితో కూలబడుతున్నాడనీ ఎవరూ పట్టించుకోలేదు.

అంతటి మనిషికి బిడ్డలు లేరంటే తప్పు ఎవరిది? ఇంకెవరిది, మా చిన్నమ్మదే! అవ్వ ఆమె చేత మొక్కించని దేవుడు లేడు, తాగించని కషాయం లేదు. చివరికి దొడ్డబళ్ళాపురం పోయి కొడుక్కి ఇంకో పిల్లను చూసి వచ్చింది. చిన్నమ్మను దేవనహళ్ళిలో పుట్టింటికి పంపేస్తారని ఇంట్లో గుసగుసలు. నాకు రోజూ జడ వేసేది ఆమె. ఆమె పోతుందంటే నాకు అన్నం సయించేది కాదు.

ఆ రోజుల్లోనే చిన్నాయనకు పక్కనుంచి వచ్చే జట్కాలు కనబడకుండా పోయాయి. మా నాయన ఆసుపత్రికి తీసుకుపోయి తలకు ఎక్స్‌రే తీయించాడు. ఏం తేలిందో అన్నదమ్ములిద్దరూ ఇంట్లో నోరు విప్పలేదు.

ఆ వారంలోనే కడుపుతో ఉన్న మా మేనత్తకు శ్రీమంతం జరిగింది. ముత్తైదువలు ఒక్కొక్కరే వచ్చి ఆమెకు పచ్చగాజులు తొడుగుతున్నారు. చిన్నమ్మ గాజులు పట్టుకుని ముందుకు రాగానే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వొద్దులే. గొడ్రాలి చెయ్యి తగలకూడదు."

గుమ్మంలో ఉన్న చిన్నాయన గబగబా లోపలికి వచ్చాడు. పేరంటంలోకి మగవాడు రావడమేమిటని ఆడవాళ్ళంతా కొంగులు సర్దుకున్నారు.

"అమ్మా, కొరత దాంట్లో లేదు, నాలో ఉండాది. మెదడు కింద చిన్న గ్రంథి ఉంటాదంట, దాంట్లో గడ్డ లేసుండాది. నా చేతులు లావైంది దాంతోనే, గడ్డం పోయింది దాంతోనే. బిడ్డల్ని కనే సత్తువ కూడా దాంతోనే పోయిందని డాక్టరు చెప్పినాడు. ఇంకో పిల్లను తెచ్చి దాని గొంతూ కోస్తావా?"

"ఊరుకోరా! మగోడు నలుగుర్లో చెప్పుకునే మాటేనా ఇది?" అంటూ అవ్వ ఏడ్చేసింది.

"చెప్పకుంటే దీని బతుకు పోతాది కదమ్మా."

పీట మీదున్న మా అత్తే చెయ్యి చాపి, "తొడుగు వదినా" అంది. చిన్నమ్మ కళ్ళనీళ్ళతోనే తొడిగింది.

దొడ్డబళ్ళాపురం సంబంధం ఆగిపోయింది. ఆసుపత్రిలో గడ్డ కరగాలని చిన్నాయన తలకు కరెంటు పెట్టారు కానీ గుణం కనబడలేదు. చూపు పూర్తిగా పోయింది, కొన్నాళ్ళకు మనిషే పోయాడు. చిన్నమ్మ కడదాకా మాతోనే ఉంది. ఇన్నేళ్ళయినా ఆయన మీద బెంగ తీరలేదు నాకు. ఆయన ఒక్కసారి నా చెయ్యి అదిమి గాజులు తొడిగితే బాగుండునని ఈ వయసులోనూ అనిపిస్తుంది.

ఏ కోడలికైనా పిల్లల్లేరన్న మాట చెవిన పడితే చాలు, "మొగుణ్ణి డాక్టరుకు చూపించినారా?" అని అడిగేస్తాను. ముసలిదానికి సిగ్గు లేదని నవ్వుతారు. నవ్వుకోనీ. సిగ్గు చంపుకుని పెళ్ళాన్ని కాపాడుకున్న మనిషి ఇంట్లో పెరిగినదాన్ని నేను.