గాజులు నొక్కిన జవాబులు

ఆ రోజుల్లో వేలితో తాకితే పనిచేసే తెర అంటే భీమవరంలో వింతే, కాదనను. కానీ దానిమీద నేను రాసిన ఉద్యోగ పరీక్ష గురించి మా ఆడపడుచు చెప్పే కథ మాత్రం ఒప్పుకోను. "మా వదిన విసనకర్రతో కంప్యూటర్ని బాదేసిందండి" అని ప్రతి పెళ్ళిలోనూ నవ్విస్తుంది. బాదలేదు, నొక్కాను. (అసలావిడ అక్కడ లేనేలేదు.)

అది రొయ్యల మేత అమ్మే ఆఫీసు. నాకు పెళ్ళై నెల కాలేదు, చేతుల నిండా మట్టిగాజులు. "ఇదొక్కటీ రాయి, రాకపోతే ఇక ఉద్యోగం మాట ఎత్తకు" అని మావారి షరతు, కాపలాకి అత్తగారు. బల్లమీద వాలుగా ఉన్న తెరలో ప్రశ్న, దానికింద వరసగా నాలుగు జవాబులు. నేను రెండోది నొక్కబోతే నాలుగోది వెలిగింది. మళ్ళీ అంతే. నాకు ముందు రాసినాయనకి ఒక్కటీ తప్పలేదు. ఉద్యోగం ఆయనకి ఎప్పుడో ఇచ్చేసి మాచేత నాటకం ఆడిస్తున్నారని నా అనుమానం.

"మీ మెషీను మనుషుల్ని చూసి పనిచేస్తుందాండి?" అన్నాను.

"మీరు కంగారు పడుతున్నారమ్మా" అన్నాడు మేనేజరు.

"కంగారు నాకా, దానికా? నా వేలు తగలకముందే వెలిగిందండి."

ఈసారి నెమ్మదిగా చెయ్యి వంచాను. గాజులు గలగలా జారి తెర కింది అంచుకి చేరాయి, నాలుగోది వెలిగింది. (అంచుల మధ్య కనపడని వెలుగు పారుతుందట, దానికి ఏది అడ్డొస్తే అదే వేలట.)

"అయితే గాజులు తీసెయ్యండమ్మా" అన్నాడు మేనేజరు.

వెనకనుంచి అత్తగారు లేచారు. "పారాణి ఆరకముందే బోసిచేతులేంటండి? మీ పెట్టెకి కళ్ళు లేకపోతే మా పిల్ల గాజులు తియ్యాలా?" అని, బస్సులో విసురుకోడానికి తెచ్చుకున్న తాటాకు విసనకర్ర నా చేతిలో పెట్టారు. "దీని పిడితో నొక్కవే."

"వేలితోనే నొక్కాలండి" అని మేనేజరు గొణిగాడు.

"వేలేదో గాజేదో దానికి తెలిస్తే ఇంత గొడవెందుకండి? మొదటినుంచీ పెట్టండి" అన్నాను. పెట్టాడు. గాజులు తెరకి అందనేలేదు, పిడి నొక్కిన చోటల్లా నేను అనుకున్న జవాబే వెలిగింది. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు ఫోను ముట్టుకునే ముందు కూడా గాజులు పైకి తోసుకుంటాను. "ఇప్పటివాటికి అక్కర్లేదమ్మా" అని మా అమ్మాయి నవ్వుతుంది. తెలుసు. నమ్మకమే లేదు. తోసుకున్నప్పుడల్లా వెనక అత్తగారు కూర్చున్నట్టే ఉంటుంది, నవ్వొస్తుంది. ఒక్కటి మాత్రం ఇప్పటికీ తేలలేదు: ఆ తెర చేసినాయన ఇంట్లో గాజుల చేతులే లేవా, లేక ఉన్నా, ఓసారి నొక్కి చూడమని ఎవరూ అడగలేదా?