రక్తపోటుకు నాయనమ్మ వండిన కూర

అమ్మ జబ్బకు పట్టీ చుట్టి డాక్టరమ్మ గాలి కొడుతుంటే గాజుగొట్టంలో పాదరసం పైకి లేచేది. దానితో పాటే నా ప్రాణం గొంతులోకి వచ్చేది. అరవైల నాటి మాట. అల్లూరు దగ్గర సముద్రపు ఊరు మాది. టీచరు ట్రైనింగు ముగించి ఇంట్లోనే ఉన్న నేనూ, నాయనమ్మా కలిసి అమ్మను బస్సులో నెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్లేవాళ్లం. అప్పటికే అమ్మ ఎడమకంటికి మసక కమ్మింది. రక్తపోటు దిగకపోతే రెండో కన్నూ పోతుందని, ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది.

"పోటును పెంచేవీ మూత్రపిండాలే, తగ్గించేవీ అవే కావచ్చు" అన్నదామె. వాటి లోపలి భాగంలో కొవ్వు జాతి పదార్థం ఏదో పుడుతుందట. అది రక్తనాళాలను సడలిస్తుందట. పై దేశాల్లో కుందేళ్ల నుంచి తీసి చూస్తున్నారట. వాటిని ప్రాస్టాగ్లాండిన్లంటారని చాలా ఏళ్ల తర్వాత చదివాను.

"మందుగా ఇంకా రాలేదు. మాత్రలు మానొద్దు. ఉప్పు ముట్టొద్దు" అన్నది.

రాలేదా! మరెప్పుడొస్తుంది, కన్ను పోయాకనా? బస్సులో దారి పొడుగునా నాకు అదే మంట.

నాయనమ్మ చెవికి మాత్రం కొవ్వు అన్న మాటొక్కటే ఎక్కింది. "మందు రాకపోతే ఏం, మాంసం కొట్లో దొరకదా?" అన్నది. ఆదివారం చర్చి నుంచి వస్తూ వస్తూ పొట్టేలు మూత్రపిండాలు, చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తెచ్చి వండిపెట్టేది. వారమంతా చప్పిడి మెతుకులు తిన్న అమ్మ ఆ కూరగిన్నెను ఊడ్చేసేది.

"తినమ్మా, కొవ్వు వదలబాక" అని మురిసిపోయేది నాయనమ్మ. ఏమో, పనిచేస్తుందేమోనని నాకూ ఆశే.

మళ్లీ ఆస్పత్రికి వెళ్తే పాదరసం పాత గీత దాటిపోయింది. ఏం పెడుతున్నారని డాక్టరమ్మ అడిగితే నాయనమ్మ గర్వంగా చెప్పింది.

"ఆ పదార్థం వేరు, ఈ కొవ్వు వేరు పెద్దమ్మా. ఒకవేళ అది ఉన్నా, తింటే కడుపులోనే అరిగిపోతుంది. సరే, ఉప్పేశావా?"

"నీసు పోవాలంటే ఉప్పులో నానబెట్టాల గదమ్మా..." అంటూనే ఆగిపోయింది నాయనమ్మ. "అయ్యో దేవుడా! నా చేత్తోనే పెట్టినానే!" అని బెంచీ మీద కూలబడింది.

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏడవబాకత్తా. ఉప్పుందని నాకు తెలీదా? తెలిసే తిన్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "కళ్లు పోయినా పర్వాలేదా నీకు? మేమంతా ఏమైపోవాల?" అని అందరి ముందే అరిచాను.

ఆ సాయంత్రం నాయనమ్మ ఉప్పుచేపల కుండను పక్కింటికి ఇచ్చేసింది. అవి లేనిదే ముద్ద దిగని మనిషి, అమ్మ పక్కన కంచం వేసుకుని చప్పిడి అన్నమే పెట్టుకుంది. నేనూ కూర్చున్నాను. తర్వాత్తర్వాత పాదరసం దిగింది, అమ్మ కుడికన్ను నిలిచింది. కానీ ఆ సాయంత్రం మొదటి ముద్ద నా గొంతు దిగలేదు. అమ్మ ఇన్నాళ్లూ ఒక్కతే కూర్చుని దీన్నేనా తిన్నది!