కిటికీ దగ్గరికి వచ్చే మనిషి

ఆడది ఒంటరిగా పరాయి దేశం వెళ్లి క్షేమంగా తిరిగి రాగలదా అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. సాయంత్రం మా ఊరి మలంచా రోడ్డులో ఆటో దిగి మా సందు చివరి దాకా నడిచి వెళ్లడం ఎంత క్షేమమో ముందు అది చెప్పండి అనాలనిపిస్తుంది. అయితే అదే ప్రశ్న యాభై మూడేళ్ల వయసులో నాకు నేను ఏడాదిపాటు వేసుకున్నాను కాబట్టి, అడిగినవాళ్లని పూర్తిగా తప్పుపట్టలేను.

మాది బెంగాల్లో ఖరగ్‌పూర్ రైల్వే తెలుగు కుటుంబం. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. నాన్న అందులోనే ఫిట్టరు. నాన్న పోయాక ఆ వర్క్‌షాపు ఆఫీసులోనే నాకు గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. నిమ్‌పురా క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలకి రైలంటే భయం ఉండదు. కూత విని ఏ ఇంజనో చెప్పేవాళ్లం, యార్డులో పెట్టెల్ని తగిలించే కప్లింగు చప్పుడుకి నిద్రలో కూడా కదిలేవాళ్లం కాదు. కానీ ఆడపిల్ల ఒంటరిగా బండెక్కాలంటే మాత్రం మా కాలనీలో ఒక పద్ధతి ఉండేది. ఆమెను ఎవరో ఒకరికి అప్పజెప్పాలి.

నాన్న ప్లాట్‌ఫారం మీద నడుస్తూ ఒక్కో కిటికీలోకీ తొంగిచూసి, "తెలుగోలేనా బాబూ?" అని అడిగేవాడు. దొరికారా, "మా పిల్ల ఆమదాలవలసలో దిగుతాది. కూసింత సూస్కోండి" అని నన్ను వాళ్ల పక్కన కూర్చోబెట్టేవాడు. వెళ్లి గార్డుకి కూడా ఓ మాట చెప్పి వచ్చేవాడు. పెట్టె నంబరు, సీటు నంబరు రైల్వే ఫోన్లో ముందే అవతలికి అందేవి. అక్కడ మామయ్య బండి ఆగకముందే పెట్టెతో పాటు పరిగెత్తుతూ వచ్చి కిటికీలో మొహం చూపించేవాడు. అంతవరకు నేను లేవకూడదు. "మనోడి మొగం కిటికీ కాడ కనపడేదాక నెగవకు" అని నాన్న ప్రతిసారీ చెప్పేవాడు, నాకు ముప్పై దాటాక కూడా. పార్సిల్ ఆఫీసులో చేపల బుట్టకి కూడా ఇంత కాపలా ఉండదని నేను విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే లేవకుండా కూర్చునేదాన్ని.

నాన్న పోయిన కొన్నేళ్లకి అమ్మ మంచాన పడి తొమ్మిదేళ్లు ఉంది. నేను ఒక్కదాన్నే కూతుర్ని, పెళ్లి మాట ఎప్పుడో మరుగున పడింది. ఆఫీసు, ఇల్లు, అమ్మ. అమ్మ పోయి, సంవత్సరీకం కూడా అయిపోయాక ఒక ఆదివారం ఫోన్లో ఒక రైలు చూశాను. కొండ అంచున, కింద సముద్రం కనిపిస్తుండగా, మెల్లగా వంపు తిరుగుతోంది. వియత్నాం అని రాసి ఉంది. నేను ఆ బండిలో కూర్చోవాలి అనుకున్నాను. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు. చూడబోతే చిన్న కోరికే. కానీ నాన్న, అమ్మ లేని నేను ఎక్కడికైనా వెళ్లగలనా, లేక ఈ రెండు గదుల ఇంట్లోనే రిటైరై, ఇక్కడే ముగిసిపోతానా అన్నది దాంట్లో ఇరుక్కుని ఉంది.

పాస్‌పోర్టు విచారణకి వచ్చిన కానిస్టేబుల్ కుర్చీలో కూర్చోకముందే "సంగే కే జాబే, దీదీ?" అన్నాడు. వెంట ఎవరు వస్తారట. ఆఫీసులో అనుమతి కోసం కాగితం పెడితే మా సూపరింటెండెంటు కళ్లజోడు తీసి మరీ అదే అడిగాడు. ఆ ఇద్దరికీ ట్రావెల్స్ వాళ్ల పార్టీతో వెళ్తున్నానని చెప్పాను. ఒకసారి అబద్ధం మొదలుపెడితే ఆగదు కదా. పక్కింటి పిన్ని దగ్గరికి వచ్చేసరికి ఆ పార్టీలో పన్నెండు మంది ఆడవాళ్లు తయారయ్యారు. పిన్ని అంటే చుట్టం కాదు, వర్క్‌షాపులోనే పనిచేసిన ఒకాయన భార్య. ఆయన పోయి చాలా ఏళ్లైంది, పిల్లలు లేరు. మా గోడకి అవతల గోడ ఆమెది. "పన్నెండు మందా? అయితే పరవాలేదు" అని ఊరుకోకుండా రోజూ వాళ్ల వివరాలు అడిగేది. దాంతో ఒక బెంగాలీ హెడ్‌మిస్ట్రెస్‌కి షుగరు వచ్చింది, ఇంకొకామెకి మోకాళ్ల నొప్పులు. బయల్దేరే నాటికి ఆ పన్నెండు మందీ నాకే బాగా తెలిసిపోయారు.

హనోయిలో మొదటి రెండు రోజులు నాకు నేనే ముద్దొచ్చాను. రోడ్డు దాటడం ఒక్కటే కష్టం, మోటారు సైకిళ్లు ఏరులా వస్తూనే ఉంటాయి. ఒక ముసలామె నా మోచెయ్యి పట్టుకుని అవతలికి దాటించి, నా మొహం కూడా చూడకుండా వెళ్లిపోయింది. మగవాళ్లు ఎవరూ గుచ్చి చూడలేదు. వెంట ఎవరొచ్చారని ఎవరూ అడగలేదు. అన్నం, చేప, ఎండుచేప వాసన వేసే పులుసు, అన్నీ తిన్నాను. నన్ను ఎవరూ పట్టించుకోకపోవడాన్ని క్షేమం అనుకుని సంబరపడ్డాను. మూడో రోజుకి అదే బెంగ పెట్టింది. హోటల్లో నాలుగు కుర్చీల బల్ల ముందు కూర్చుని టిఫిన్ తింటుంటే, పక్క బల్ల వాళ్లు వచ్చి మిగిలిన మూడు కుర్చీలూ ఒక్కొక్కటే తీసుకుపోయారు. అడిగే తీసుకున్నారు, నేనూ తలూపాను. టిఫిన్ సగంలో వదిలేసి లేచాను.

ఆ కొండ అంచు రైలు హుయె అనే ఊరినుంచి దా నాంగ్ అనే ఊరికి వెళ్తుంది. పగటి బండి. కిటికీ పక్క సీటు దొరికింది. సముద్రం వచ్చినప్పుడు నిజంగానే ఒళ్లు జలదరించింది. పచ్చటి కొండ, కింద తెల్లటి నురుగు, వంపులో మా బండి ఇంజను మాకే కనిపిస్తోంది. "అదిగో చూడండి" అని తెలుగులోనే అంటూ పక్కకి తిరిగాను. పక్క సీట్లోని కాలేజీ పిల్ల చెవుల్లో తీగలు పెట్టుకుని నిద్రపోతోంది. నా మాట నాకే వినిపించి సిగ్గేసింది.

దా నాంగ్‌లో హోటలు వాళ్లు స్టేషన్‌కి మనిషిని పంపిస్తామన్నారు. మిమ్మల్ని రిసీవ్ చేసుకుంటాడు అని ముందు రోజు ఫోన్లో సందేశం పెట్టారు. నేను వెంటనే పెట్టె నంబరు, సీటు నంబరు పంపించాను. వాళ్లు బొటనవేలు బొమ్మ పంపారు. ఇంకేం, అవతలికి కబురు అందిందనుకున్నాను.

బండి ఆగింది. జనం దిగారు. పక్క పిల్ల లేచి నాకు తలవంచి దణ్ణం పెట్టినట్టు చేసి దిగిపోయింది. నేను జుట్టు సర్దుకుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాను. మనిషి వస్తున్నాడు, ఆలస్యమైనట్టుంది. కొత్తవాళ్లు ఎక్కారు. కాసేపటికి ఒక కుదుపు, ఇంకాసేపటికి వెనకవైపు నుంచి ఇంకో కుదుపు. ఇంజనుని ఇటు విప్పి అటు తగిలించారని ఆ కుదుపుల్ని బట్టే చెప్పగలిగాను. ఫిట్టరు కూతుర్ని కదా. నేను దిగాలన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. బండి వచ్చిన వైపే తిరిగి కదిలితే షంటింగు అనుకున్నాను. ప్లాట్‌ఫారం అయిపోయి, ఊరు కూడా అయిపోయి, పొలాలు వచ్చాక టికెట్టు పట్టుకుని లేచాను.

పెట్టె చూసుకునే ఉద్యోగిని నా టికెట్టు చూసి తల పట్టుకుంది. నా వయసే ఉంటుంది. ఫోన్లో వాళ్ల భాషలో మాట్లాడి, దాని తర్జుమా నాకు చూపించింది. ఎందుకు దిగలేదు అని ఉంది. నన్ను తీసుకెళ్లే మనిషి సీటు దగ్గరికి రాలేదు అని నేను కొట్టాను. ఆమె చదివింది, నా వైపు జాలిగా చూసింది, మళ్లీ మాట్లాడింది. "మీకు ఒంట్లో బాగాలేదా?" అని వచ్చింది. ఆ దేశంలో సీటు దాకా వచ్చి దింపుకోవాల్సింది రోగుల్నీ పసిపిల్లల్నే కాబోలు.  బాగానే ఉన్నానని నవ్వి, చేత్తో సైగ చేశాను.

తర్వాత ఆగిన ఊరు పేరు తామ్ కీ. ఆమె నన్ను దింపి, ప్లాట్‌ఫారం మీద జెండా పట్టుకున్న ఆయనకి అప్పజెప్పి వెళ్లింది. ఆయన కుర్చీ వేశాడు, గ్లాసులో పల్చటి టీ ఇచ్చాడు, వెనక్కి వెళ్లే బండి టైము కాగితం మీద రాసిచ్చాడు. రెండు గంటలుంది. తన పని తను చూసుకోవడానికి లోపలికి పోయాడు. సన్నగా వాన మొదలైంది. గేటు దగ్గర మోటారు సైకిలు మీద ఒకడు నన్నేదో అడిగాడు. గొడుగు గట్టిగా పట్టుకున్నాను. కిరాయి బండి కావాలా అని అడిగినట్టున్నాడు. వద్దని చెయ్యి ఊపితే టోపీ సర్దుకుని ఇంకో మనిషి దగ్గరికి పోయాడు. నేను భయపడటానికి ఆ దేశం ఇచ్చిన అవకాశం మొత్తం అంతే.

అప్పుడు తెలిసింది, ఈ క్షణంలో నేనెక్కడున్నానో భూమ్మీద ఒక్కరికి కూడా తెలియదని. ఫోను తీశాను. దిగడమే మరిచిపోయానని హోటలు వాళ్లకి ఏ మొహంతో చెప్పను? ఆఫీసు వాళ్లకి చేస్తే పార్టీ ఏదంటారు. పిన్నికి చేస్తే హెడ్‌మిస్ట్రెస్ ఎలా ఉందంటుంది. జాబితా కిందికి జరుపుతూ పోతే అమ్మ నంబరు వచ్చింది. ఆ ఫోను ఇంట్లో బీరువాలో ఉంది, నేనే ఆపేసి పెట్టాను. అమ్మ పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు, చేయాల్సిన పనులు అన్ని ఉన్నాయి. తామ్ కీ స్టేషన్‌లో ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఏడ్చాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, లేని ఆ పన్నెండు మంది ఆడవాళ్ల కోసం కూడా ఏడ్చాను. వాళ్లలో ఒక్కరైనా నిజమై ఉంటే బండి కదిలేముందు నా భుజం తట్టి ఉండేవారు.

వెనక్కి వెళ్లే బండి వచ్చింది. దా నాంగ్ ఇంకా రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. దిగి, అందరితో పాటు నడిచి, గేటు బయటికి వచ్చాను. హోటలు మనిషి నా పేరు రాసిన అట్ట పట్టుకుని ఆ గేటు బయటే గంటసేపు నిలబడి వెళ్లిపోయాడట. నేనే వెతుక్కుంటూ హోటలు చేరితే వాళ్లే క్షమించమని అడిగారు. ఎవరి తప్పో వాళ్లకి ఎలా వివరించను?

మిగిలిన రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. ఒక్కసారి వెళ్లొచ్చినదాన్ని, ప్రపంచమంతా క్షేమమని రాసిచ్చేంత తెలివితక్కువదాన్ని కాదు. నాకు మాత్రం ఏమీ కాలేదు. ఖరగ్‌పూర్‌లో దిగి, టోటో అనే బ్యాటరీ ఆటో ఎక్కి, తాళం తీసుకుని ఇంట్లోకి వెళ్లాను. ఇల్లు మూసిన వాసన వేసింది.

మర్నాడు పిన్ని దగ్గరికి వెళ్లాను. వరండాలో కూర్చుని కూరకి దొండల్లాంటి పొటోల్ కాయలు చెక్కు తీస్తోంది. చేతులు తుడుచుకుని నా ఫోను తీసుకుని ఫొటోలన్నీ ఒక్కొక్కటీ చూసింది. కొండలు, సముద్రం, టీ గ్లాసు.

"ఏరీ మీ పార్టీ ఆడోలు? ఒక్క ఫొటోలోనూ నేరు?"

ఇంకా అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. "ఎవులూ నేరు పిన్నీ. ఒక్కదాన్నే ఎల్లినాను."

తిడుతుందనుకున్నాను. కాలనీ అంతా వినపడేలా ఓలమ్మో అంటుందనుకున్నాను. ఆమె ఫోను నా ఒళ్లో పెట్టింది.

"ఎవులైనా ఏటైనా అన్నారేటి?"

"నేదు. ఎవులూ ఏటీ అన్నేదు."

"మరి సేరినావని ఎవులికి సెప్పినావు?"

ఈ ప్రశ్న కానిస్టేబులూ అడగలేదు, సూపరింటెండెంటూ అడగలేదు. "ఎవులికీ నేదు" అన్నాను.

పిన్ని ఇంకో పొటోల్ కాయ తీసుకుంది. "మీ బాబాయి పోయినాక ఏడాదికో రైలు పాసొస్తంది నాకు. ఒక్కటీ వాడనేదు. నాను బయపడి ఎల్లట్నేదని అనుకుంటారందరూ. ఈ వయసులో నాకు బయమేటి? ఎల్లి దిగినాక, సేరినానని సెప్పడానికి ఒక మనిసుండాల కదా."

నేను కూడా ఆమెకి భయమనే అనుకున్నాను. బాబాయి పోయిన ఈ పదకొండేళ్లూ పక్క ఇంట్లోనే ఉండి ఒక్కసారి కూడా అడగలేదు. వియత్నాం వెళ్లేముందు రోజూ ఆ వరండాలోనే కూర్చుని, ఆమె అంత శ్రద్ధగా అడుగుతుంటే, లేని మనుషుల కబుర్లు చెప్పి వచ్చాను. ఆ వాన సాయంత్రం నా ఫోనుకి జవాబు చెప్పగల మనిషి గోడ అవతలే ఉంది, ఆమె దగ్గరికి వెళ్లే దారి నా చేతులతో నేనే మూసేసుకుని వెళ్లాను.