నాలుగు పౌన్ల పిల్ల

ఈ రోజు నేనొక మనిషిని కొట్టాను.

తెనాలిలో ఒక కాన్పుల ఆసుపత్రిలో పదేళ్ల పాత రిజిస్టర్లలోంచి పుట్టిన పిల్లల బరువులు ఎత్తిరాయడం నా పని. ఒంటిగా పుట్టిన పిల్లలు ఏటేటా కాస్త బరువెక్కుతున్నట్టున్నారు. కవలలు మాత్రం ఏ ఏడాది చూసినా తేలికే.

సాయంత్రం వార్డులో అరుపులు విని, చేతిలో రిజిస్టరుతోనే పరిగెత్తాను. నిన్న కవల ఆడపిల్లల్ని కన్న కర్లపాలెం అమ్మాయికి పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. మొగుడు ఒక చేత్తో ఆమె జుట్టు పట్టుకుని, రెండో చేత్తో పాలు తాగుతున్న చిన్నపిల్లను లాగేస్తున్నాడు.

"నాలుగు పౌన్లు కూడా లేదు, ఇదేం బతుకుద్ది? పాలు పెద్దదానికియ్యి! మా అన్న కొడుకు ఏడు పౌన్లు పుట్టాడు. కడుపు మాడ్చుకుని నా పిల్లల్ని ఎండగట్టావే!"

"నేను మాడ్చుకోలేదండి. బిడ్డ లావైతే కాన్పు కష్టమని అత్తయ్యే పూటకి గుప్పెడన్నం పెట్టింది."

మంచం పక్కనున్న అత్తగారు నా వైపు తిరిగి, "మా ఇంట్లో అందరికీ అట్టాగే పెడతామమ్మా. లోపల ఇద్దరున్నారని నాకేం తెలుసు?" అంది.

అతను మళ్లీ చెయ్యెత్తాడు. కవలలు ఎప్పుడూ ఇంతేనని రిజిస్టరు తెరిచి చూపించవచ్చు. నేను తెరవలేదు. మూసిన రిజిస్టరుతోనే చెవి మీద ఒక్కటిచ్చాను. అతను గోడకు కొట్టుకుని కూలబడ్డాడు. ఆయా రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకుపోయింది.

చిన్నది మళ్లీ పాలు అందుకుంది. నాకింకా పశ్చాత్తాపం రావడం లేదు. తప్పంటారా?