మలుపులో తలకిందులైన లారీలు

సునీత ఫోన్ చేయకపోతే ఆ రోజు నేను బడికి సెలవు పెట్టేదాన్ని కాదు. సునీత పదో తరగతిలో నా దగ్గర భౌతికశాస్త్రం చదివింది. ఇప్పుడు పెద్దేముల్ దారిలో గొర్రెలు కాస్తుంది.

"మేడం, మలుపు కాడ కొత్తగ అద్దం పెట్టిన్రు. అండ్ల లారీలు తలకిందులుగ వస్తున్నయి. ఏ దిక్కు నుంచి వస్తున్నయో తెలుస్తలేదు. నిన్న రెండు గొర్లు సచ్చిపోయినయి" అంది.

ఉదయం ఏడున్నరకు వికారాబాద్‌లో ప్యాసింజర్ ఎక్కాను. పక్క సీటాయన నాపరాళ్ల వ్యాపారి. అద్దం ప్రారంభోత్సవానికి ఆయనా వెళ్లాడట. కాంట్రాక్టర్ రెండు రకాలు తెచ్చి చూపిస్తే, స్థానిక నాయకుడు తన ముఖం పెద్దగా కనిపించినదాన్ని ఎంచుకున్నాడట. "మొఖం మస్తు పెద్దగ కనవడ్డది. అందరం చప్పట్లు కొట్టినం" అన్నాడు, ఇప్పటికీ ఆ సంతోషం తగ్గకుండా.

ఎనిమిదిన్నరకు తాండూరులో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, షేర్ ఆటోలో తొమ్మిదిన్నరకల్లా మలుపు చేరాను. సునీత మందను కంచె పక్కన ఆపి ఎదురుచూస్తోంది. స్తంభం మీద పెద్ద పళ్లెమంత స్టీలు అద్దం, లోపలికి గుంతగా ఉంది. దగ్గరికి వెళ్తే నా ముఖం గుమ్మడికాయంత కనిపించింది. పదడుగులు వెనక్కి వేస్తే నేనే తలకిందులయ్యాను. గుంత అద్దం మీద పడిన వెలుగు ముందుకొచ్చి ఒకచోట కలుస్తుంది, దాటాక పైది కిందికి, కుడిది ఎడమకు పోతుంది. మలుపుకు కావలసింది బయటికి ఉబ్బిన కుంభాకార దర్పణం. అది దేన్నైనా చిన్నగానే చూపిస్తుంది గానీ నిటారుగా, రోడ్డంతా కలిపి చూపిస్తుంది.

నేను ముందురోజే ఫోన్ చేసి రమ్మన్న రోడ్ల శాఖ ఇంజనీరు పది గంటలకు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. ఇదంతా తనకు ముందే తెలుసన్నాడు. అయితే నాయకుడు ఎంచుకున్న అద్దాన్ని మార్చాలంటే ఫైలు పైకి వెళ్లాలట, పైనున్నవాళ్లు ప్రారంభోత్సవం ఫోటోలు చూసి మెచ్చుకున్నారట.

సునీత ఈలోగా అద్దం వెనక్కి వెళ్లి చూసొచ్చింది. వెనకవైపు బయటికి ఉబ్బి, అంతే నున్నగా మెరుస్తోందంది. తర్వాత ఇంజనీరును నెమ్మదిగా అడిగింది. "సార్, తుడవనీకి గూడ ఫైలు కావాల్నా?"

తుడవడం తన చేతిలోనే ఉందన్నాడు ఆయన. వెంట వచ్చిన పనివాళ్లతో నాలుగు బోల్టులు విప్పించాడు. సునీత కొంగుతో రెండు వైపులా తుడిచింది. మళ్లీ బిగించేటప్పుడు ఎటువైపు తిప్పుతున్నారో ఆయన చూడలేదు, ఫోన్ మాట్లాడుతున్నాడు. రిజిస్టర్లో మాత్రం 'శుభ్రపరచడమైనది' అని రాసుకున్నాడు.

మధ్యాహ్నం సునీత ఇంట్లో జొన్నరొట్టె, పప్పు తిని, ఆమె మళ్లీ మందను తోలుకుపోయాక మూడింటి బస్సెక్కాను. డ్రైవర్ వెనక సీటు దొరికింది. మలుపు దగ్గరికి రాగానే ఆయన అద్దం వైపు చూసి బ్రేకు వేశాడు. అందులో బొటనవేలంత లారీ, దాని ముందు రోడ్డు దాటుతున్న గొర్రెలు, చేతికర్రతో సునీత. అన్నీ నిటారుగా ఉన్నాయి. ఎందుకాపారని వెనకెవరో విసుక్కున్నారు. లారీ కూడా ఆగింది. ఆఖరి గొర్రె దాటేదాకా మేమందరం కూర్చున్నాం.

ఇరవై ఏళ్లుగా బోర్డు మీద చాక్‌పీసుతో ఆ అద్దాన్ని గీస్తున్నాను. అది ఒక బస్సును ఆపడం నేను చూడటం అదే మొదలు.